చూచినవారి మాట

సంక్రాంతి సెలవులు ముగిసి బడులు తెరచిన మొదటి వారంలో విద్యార్థుల నోట వినవచ్చే ప్రసంగాలలో పిండివంటల తరువాతి స్థానం చలనచిత్రాలదే. కొందరు పట్నంలో కొత్త చిత్రాలు చూచి వస్తారు. కొందరు తాతగారి ఇంట టెలివిజన్‌లో పాత చిత్రాలు చూచి వస్తారు. మరికొందరు చేతిలోని ఫోనులోనే రెండు మూడు చిత్రాలు పూర్తిచేసి వస్తారు. చూచిన ప్రతివారికీ ఒక అభిప్రాయం ఉంటుంది. "బాగుంది", "బాగాలేదు", "ఫస్టాఫ్ పరవాలేదు, సెకండాఫ్ సాగదీశాడు" - ఇంతకు మించి ఆ అభిప్రాయానికి వివరణ సాధారణంగా ఉండదు. ఉపాధ్యాయుల విశ్రాంతి గదిలో సాగే ప్రసంగమైనా దీనికి పెద్దగా భిన్నం కాదు.

ఈ తేలికపాటి అభిప్రాయాలను పెద్దలు చిన్నచూపు చూడడం కద్దు. సినిమా కబుర్లు పనిలేనివారి కాలక్షేపమనీ, వాటికీ సాహిత్య విమర్శకూ సంబంధం లేదనీ వారి తలంపు. విచారించి చూస్తే, నేటి విద్యార్థికి ఒక కళాకృతిని తన బుద్ధితో తూచే అవకాశం మొట్టమొదట దొరికేది చలనచిత్రం దగ్గరనే. పాఠ్యగ్రంథంలోని పద్యం బాగున్నదా, లేదా అని అతనిని ఎవరూ అడుగరు. అది బాగున్నదని ముందే నిర్ణయమైపోయి ఉంటుంది. ఎందుకు బాగున్నదో గైడు పుస్తకంలో అచ్చై ఉంటుంది. దానిని పరీక్షలో తిరిగి వ్రాయడమే అతని పని. సినిమా విషయంలో మాత్రం అతడు స్వతంత్రుడు. నచ్చలేదని చెప్పినంత మాత్రాన మార్కులు పోవు. కనుక ఆ రెండు ముక్కల అభిప్రాయం ఎంత అపక్వమైనదైనా, విమర్శవిద్యకు అది అక్షరాభ్యాసం వంటిది.

అయితే ఆ అభిప్రాయం నిజంగా అతనిదేనా అన్నది విచారించవలసిన విషయం.

కాళిదాసు 'మాళవికాగ్నిమిత్రం' ప్రస్తావనలో ఈ విషయాన్నే ఎత్తుకొన్నాడు. భాసాది ప్రసిద్ధ కవుల నాటకాలుండగా ఈ కొత్తకవి నాటకం మీద ఇంత ఆదరమెందుకని పారిపార్శ్వకుడు సందేహిస్తాడు. పాతదైనంత మాత్రాన ప్రతిదీ మంచిది కాదనీ, కొత్తదైనంత మాత్రాన తీసివేయదగినదీ కాదనీ, వివేకి పరీక్షించి ఎన్నుకొంటే మూఢుడు పరుల నమ్మకం వెంట నడుస్తాడనీ సూత్రధారుడు సమాధానమిస్తాడు. రాజుల కాలంలో నాటకం చూడవచ్చిన సభకు చెప్పిన మాట ఇది. టిక్కెట్టు కొని చిత్రం చూచే నేటి సభకు అక్షరాలా వర్తిస్తుంది.

పరుల నమ్మకం నేడు అనేక రూపాలలో వస్తున్నది. అందులో ప్రబలమైనది వసూళ్ల లెక్క. 2025 సంక్రాంతికి 'గేమ్ ఛేంజర్', 'డాకు మహారాజ్', 'సంక్రాంతికి వస్తున్నాం' జనవరి 10, 12, 14 తేదీలలో వరుసగా విడుదలైనవి. ఐదు రోజులలో మూడు పెద్ద చిత్రాలు బరిలోకి దిగినప్పుడు కథ ఏమిటన్న ప్రశ్న వెనుకబడి, ఎవరికి ఎన్ని కోట్లు అన్న ప్రశ్న ముందుకు వస్తుంది. పదవ తరగతి బాలుడు సైతం నిర్మాత ఇంటి గుమాస్తా వలె కోట్ల లెక్కలు అప్పజెప్పుతాడు. ఆ లెక్క నిర్మాతకు, పంపిణీదారుకు అవసరమైనది కావచ్చు. చిత్రం చూచి ఆ బాలుడు పొందినదేమిటో ఆ లెక్క వలన తెలియదు.

ఈ జాడ్యం నేటి తరంతో పుట్టినది కాదు. వెనుకటి తరంవారు ఏ చిత్రం ఎన్ని కేంద్రాలలో వంద రోజులు ఆడినదో వేళ్ల మీద లెక్కించి చెప్పేవారు. అభిమాన నటుని మీద ఈగ వాలనీయకపోవడం కూడా వారికి అలవాటే. శతదినోత్సవం పోయి కోట్లు వచ్చినవి. ఎదుటివాని నమ్మకాన్ని తన అభిప్రాయంగా చెలామణి చేయడం మాత్రం మారలేదు. కనుక పాతకాలం ప్రేక్షకులను పొగడి నేటివారిని తెగడడం న్యాయం కాదు.

చూచినవాడు మనసారా చెప్పిన మాటకు ఎంత బలం ఉన్నదో తెలుసుకోవడానికి ఒక్క ఉదాహరణ చాలును. 1980 ఫిబ్రవరి 2వ తేదీన కె. విశ్వనాథ్ 'శంకరాభరణం' విడుదలైనది. పేరుపడ్డ కథానాయకుడు లేడు. కథకు నాయకుడు వయసు మళ్లిన సంగీత విద్వాంసుడు. మొదటి రోజులలో హాళ్లు పలుచగానే ఉన్నవి. చూచి వచ్చినవారు ఇంటిలో చెప్పిన మాట, పక్కింటికి పాకిన మాట ఆ చిత్రాన్ని నిలబెట్టినవి. తరువాత అది జాతీయ బహుమతి పొందినది, తెలుగునాడు దాటి పొరుగు రాష్ట్రాలలో ఆదరణ పొందినది. ఆనాడు ఆ ప్రేక్షకులు వసూళ్ల లెక్కలు చూచి ముందుకు రాలేదు. తమకు కలిగిన అనుభవాన్ని తామే నమ్మి మరొకరికి చెప్పారు. తేలికపాటి అభిప్రాయం అంత పని చేయగలదు గనుకనే అది సొంతమైనదిగా ఉండడం అవసరం.

సొంత అభిప్రాయం ఎట్లుంటుందో సెలవులలో విరివిగా చూచే కొన్ని చిత్రాలను పట్టి పరిశీలించవచ్చు.

1955 జనవరి 12న, సరిగా సంక్రాంతి వేళకు వచ్చిన 'మిస్సమ్మ' నేటికీ సకుటుంబంగా చూచే చిత్రాలలో ఒకటి. ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వం, చక్రపాణి రచన. రవీంద్రనాథ్ మైత్ర వ్రాసిన బెంగాలీ నాటకం దీనికి మూలం. ఉపాధ్యాయులకు ఈ చిత్రం మీద ప్రత్యేకమైన ప్రీతి ఉండడం సహజం. భార్యాభర్తలైన పట్టభద్రులు ఉపాధ్యాయులుగా కావలెనన్న ప్రకటన చూచి, ఉద్యోగం లేని ఇద్దరు దంపతులుగా నటించి ఒక పల్లెటూరి బడిలో చేరడమే కథకు మూలం. నవ్వించడంలో దీనికి సాటివచ్చే చిత్రాలు తక్కువ. ఆ నవ్వు వెనుక చదువుకొన్న వారి నిరుద్యోగం ఉన్నది. అప్పిచ్చినవాడు పెళ్లికి పట్టుబడుతుంటే ఎటూ తోచని ఒక స్త్రీ దుఃఖం ఉన్నది. వీటిని గమనించిన విద్యార్థి ఒక మెట్టు ఎక్కినవాడు.

మరొక మెట్టు కూడా ఉన్నది. నాయిక మేరీ క్రైస్తవ గృహంలో పెరిగినది. నాయకుడు హిందువు. మతాలు వేరైన ఇద్దరి మధ్య అనురాగం పుట్టినది. వీరి పెండ్లి ఎట్లు జరుగుతుందన్నది చిత్రం లేవదీసిన ప్రశ్న. చివరకు మేరీ తప్పిపోయిన జమీందారు బిడ్డ మహాలక్ష్మియే అని తేలడంతో ఆ ప్రశ్నకు సమాధానం చెప్పవలసిన పని తప్పిపోయినది. పుట్టుమచ్చ కథను గట్టెక్కించినది గాని ప్రశ్నను తీర్చలేదు. ఈ మాట అన్నంత మాత్రాన 'మిస్సమ్మ' గొప్పతనానికి లోటు రాదు. ఇష్టమైన చిత్రంలోని లోపాన్ని కూడా చెప్పగలిగినప్పుడే ఆ ఇష్టం వివేకం గలదని రుజువవుతుంది.

1963లో వచ్చిన 'నర్తనశాల' తెలుగు బోధించే వారికి చేతికందిన నిధి. కమలాకర కామేశ్వరరావు దర్శకత్వం వహించిన ఈ చిత్రానికి కథ విరాటపర్వం. తిక్కన సోమయాజి భారతాంధ్రీకరణను మొదలుపెట్టినది ఆ పర్వంతోనే. అంతఃపురంలో ప్రగల్భాలు పలికి, కౌరవసేన కంటబడగానే కాళ్లు వణికిన ఉత్తరకుమారుని తిక్కన మాటలతో చిత్రించాడు. రేలంగి తన కన్నులతో, నడకతో, గొంతుతో చిత్రించాడు. ఆ ఘట్టాన్ని గ్రంథంలో చదివి, వెంటనే తెరమీద చూచిన విద్యార్థికి మాటకు సాధ్యమైనదేదో, నటనకు సాధ్యమైనదేదో వేరుగా తెలుస్తుంది. పుటల కొద్దీ వివరించినా రాని తెలివిడి అది.

అదే చిత్రంలో కీచకుడుగా నటించిన ఎస్.వి. రంగారావుకు 1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుని బహుమానం లభించినది. ఆ నటనను ఎంత పొగడినా తక్కువే. పొగడ్త దగ్గర ఆగిపోయిన ప్రేక్షకుడు మాత్రం కథలో సగం మాత్రమే చూచినవాడు. కీచకుడు చేసిన పని ఏమిటి? తనను వలదన్న స్త్రీని వెంటాడినాడు. బలం చూపినాడు, అధికారం చూపినాడు, తోబుట్టువును అడ్డుపెట్టుకొన్నాడు. సైరంధ్రి వద్దన్న కొద్దీ అతని పట్టుదల పెరిగినది. అందుకే భారతకథ అతనికి మరణశిక్ష విధించినది. నేటికీ స్త్రీలను వేధించేవారిని వార్తాపత్రికలు కీచకులనే వ్రాస్తున్నవి.

ఇక సెలవులలో చూచే ఇతర చిత్రాలను ఈ కొలతతో కొలిస్తే ఒక వింత కనబడుతుంది. అనేక చిత్రాలలో కథానాయకుడు తనను వలదన్న యువతిని కళాశాల ద్వారం దగ్గర, బస్సులో, వీధిలో వెంటాడుతాడు. స్నేహితులు ఈలలు వేస్తారు. నాలుగవ పాటకు ఆమె మనసు మారుతుంది. దానికి ప్రేమ అని పేరు. ప్రతినాయకుడు చేస్తే నేరమైన పని కథానాయకుడు చేస్తే శృంగారం ఎట్లయినదని ఏ ప్రేక్షకుడూ అడుగడు. హాలులో అందరూ నవ్వుతారు గనుక, ఆ వెంటబాటును నిత్యం బడిదారిలో అనుభవించే బాలిక కూడా నవ్వవలసి వస్తుంది. ఇంటికి వచ్చి "బాగుంది" అని చెప్పవలసి వస్తుంది. పరుల నమ్మకం వెంట నడవడమంటే ఏమిటో ఇంతకంటే స్పష్టంగా చూపే ఉదాహరణ దొరకదు. తన అనుభవం ఒకటి చెబుతుంటే, సభ మెప్పు మరొకటి చెప్పినందువలన ఆమె తన అనుభవాన్నే అణచుకొన్నది. ఆ బాలిక తరగతిలో లేచి "ఆ దృశ్యం నాకు నచ్చలేదు, ఎందుచేతనంటే..." అని వాక్యం పూర్తిచేయగలిగిన నాడు అది సినిమా కబురు కాదు, చదువు.

ఇటీవలి చిత్రాలన్నీ ఇట్టివే అనడం కూడా పొరపాటు. 2023 మార్చి 3న విడుదలైన 'బలగం'లో కథ ఒక్క చావు ఇంటి చుట్టూ తిరుగుతుంది. వేణు యెల్దండి దర్శకుడు. కొమురయ్య అనే ముసలివాడు చనిపోతాడు. పిట్టకు పెట్టిన మెతుకులను కాకి ముట్టదు. ఆయన కోరిక ఏదో తీరలేదని ఊరంతా అనుకొంటుంది. విచారిస్తే, ఎన్నో ఏండ్ల నాడు విందులో ఒక నల్లిబొక్క దగ్గర బావమరదుల మధ్య పుట్టిన పట్టింపు ఆడబిడ్డను పుట్టింటికి దూరం చేసినదని తెలుస్తుంది. ఆ ఏడాది ఎన్నో తెలంగాణ పల్లెలలో తెరలు కట్టి ఊరివారందరూ కలిసి ఈ చిత్రం చూచారు. చూచినవారు కంటతడి పెట్టుకొన్నారు.

"ఏడిపించింది" అన్నది దీనిమీద సర్వత్రా వినవచ్చిన అభిప్రాయం. ఆ మాటను కొంచెం విప్పి చూడవలెను. ప్రేక్షకుడు ఎక్కడ ఏడ్చాడు? కొమురయ్య చనిపోయినప్పుడు కాదు. అప్పుడు ఇంటివారిలోనే ఎవరి లెక్కలు వారికున్నవి. మనుమడు సాయిలుకు చేసిన అప్పులు, కట్నం మీది ఆశ. ప్రేక్షకుడు ఏడ్చినది తెగిపోయిన చుట్టరికాలు తిరిగి కలిసినప్పుడు. చావుకు రాని కన్నీరు కలయికకు వచ్చినది. ఇది గ్రహించినవానికి కరుణరసాన్ని గురించి లక్షణగ్రంథాలు చెప్పిన మాటలు కొత్తగా అర్థమవుతాయి. మరొక విశేషం భాష. తెలంగాణ మాటను హాస్యపాత్రకో, దుష్టపాత్రకో పరిమితం చేసే ఆచారం తెలుగు తెరమీద చాలాకాలం సాగినది. ఇందులో ఇంటిల్లిపాదీ ఆ మాటే మాట్లాడుతారు, ఆ మాటలోనే కోపపడతారు, ఆ మాటలోనే ఏడుస్తారు.

ఈ చిత్రం మీద కూడా ఒక ప్రశ్న మిగులుతుంది. బొక్క దగ్గర పౌరుషం మగవారిది. ఆ పౌరుషానికి మూల్యం చెల్లించినది ఆడబిడ్డ లక్ష్మి. తండ్రిని చూడలేకపోయిన ఆ ఏండ్లు ఆమెకు ఎవరిచ్చారు? కాకి ముట్టకపోతే ఆమెను ఎవరైనా పిలిచేవారా? చిత్రం కన్నీటి ధారలో ఈ ప్రశ్నను దాటిపోయినది. ఏడ్చిన తరువాత కన్నులు తుడుచుకొని ఆలోచించే ప్రేక్షకుడు దానిని దాటిపోవలసిన అవసరం లేదు.

నవ్వును గురించి కూడా ఇదే మాట చెప్పవచ్చు. 'సంక్రాంతికి వస్తున్నాం' చిత్రంలో బుల్లిరాజు అనే బాలుడు నోటికి వచ్చిన బూతులు తిడతాడు. ఫోనులలో వచ్చే కార్యక్రమాలు చూచి నేర్చుకొన్నాడని చిత్రం కారణం చూపుతుంది. హాలు గొల్లుమంటుంది. ఆ నవ్వులో పాలుపంచుకొన్న పిల్లలే సెలవుల తరువాత తరగతిలో కూర్చుంటారు. వారిని చీవాట్లు పెట్టడం వలన ఫలితం లేదు. చిత్రం ఆ అలవాటును ఎత్తిపొడుస్తున్నదా, లేక దానినే అమ్ముకొంటున్నదా అని వారినే అడిగితే చర్చ రసవత్తరంగా సాగుతుంది. రెండు పక్షాల వారికీ చెప్పడానికి యుక్తులున్నవి. ఎవరు గెలిచారన్నది ముఖ్యం కాదు. నవ్విన తన నవ్వును తానే పరీక్షించుకోవడం పిల్లవానికి అలవాటు కావడం ముఖ్యం.

దీనిపై ఉపాధ్యాయులు రెండు ఆక్షేపణలు చెప్పవచ్చు. సిలబసు పూర్తిచేయడానికే కాలం చాలదు, సినిమాలకు కాలమెక్కడిది అన్నది మొదటిది. సెలవుల తరువాత మొదటి తెలుగు పీరియడు ఎట్లాగూ సెలవుల కబుర్లకే పోతుంది. పిల్లల మనస్సులు పాఠం మీద నిలువవు. ఆ ఒక్క గంటను ఈ పనికి వినియోగిస్తే నష్టమేమీ లేదు. సినిమాను తరగతిలోకి రానివ్వడం తగదన్నది రెండవది. సినిమా పిల్లలతోపాటు ఎన్నడో తరగతిలోకి వచ్చినది. వారి మాటలలో, నడకలో, తల కత్తిరింపులో కూర్చొని ఉన్నది. ఉపాధ్యాయుడు దానిని గుర్తించి మాట్లాడించడమా, గుర్తించనట్లు నటించడమా అన్నదే మిగిలినది. 'చందమామ' సంపాదకత్వం వహించిన కొడవటిగంటి కుటుంబరావు సినిమాలను గురించి విరివిగా వ్యాసాలు వ్రాశారు. పిల్లల పత్రికను నడిపినవారికి అది తక్కువ పనిగా తోచలేదు.

ఆ ఒక్క గంటకు పెద్ద ఏర్పాట్లు అక్కరలేదు. రెండు నియమాలు, మూడు ప్రశ్నలు చాలును. వసూళ్ల మాట ఎత్తకూడదన్నది మొదటి నియమం. నటుని పేరు చెప్పక పాత్ర పేరే చెప్పవలెనన్నది రెండవది. ఈ రెండవ నియమం చూడడానికి చిన్నదే గాని దాని ఫలితం పెద్దది. "ఎన్.టి.ఆర్. అట్లా చేశాడు" అన్నంతసేపు అభిమానం మాట్లాడుతుంది. "బృహన్నల అట్లా చేసినది" అనగానే కథ మాట్లాడడం మొదలుపెడుతుంది. పాత్ర పేరే గుర్తులేదంటే, తాను చూచినది కథను కాదని విద్యార్థికి తనంతట తానే తెలిసిపోతుంది.

చూచిన వాటిలో మనసులో నిలిచిన దృశ్యం ఏది అన్నది మొదటి ప్రశ్న. అందులో తప్పు చేసినవారెవరు, ఆ తప్పును చిత్రం తప్పుగా చూపినదా అన్నది రెండవది. చిత్రం లేవదీసి సమాధానం చెప్పకుండా విడిచిన విషయం ఏది అన్నది మూడవది. ప్రతి సమాధానానికీ "ఎందుచేత" అన్న మాట తోడు ఉండవలెను. ఎనిమిదవ తరగతి వారికి మొదటి ప్రశ్న చాలును. కళాశాల విద్యార్థులకు మూడూ కావలెను. ఉపాధ్యాయుడు తన అభిప్రాయాన్ని అందరికంటె చివర చెప్పడం మంచిది. ముందుగా చెబితే తరగతి అంతా దానినే వల్లిస్తుంది. అప్పుడు వసూళ్ల లెక్క స్థానంలో గురువుగారి మాట వచ్చి కూర్చుంటుంది గాని పరప్రత్యయం మాత్రం పోదు.

ఇట్లా విప్పి చూస్తే చిత్రం ఇచ్చే ఆనందం చచ్చిపోదా అని సందేహించేవారు కూడా లేకపోలేదు. 'మిస్సమ్మ'లోని లోపం తెలిసినవారు సైతం మళ్లీ అది వచ్చినప్పుడు టెలివిజన్ ముందు కూర్చొని నవ్వుతూనే ఉన్నారు. పరీక్షకు తట్టుకోలేక పోయే ఆనందం అంతగా కాపాడుకోదగినదీ కాదు. మంచి చిత్రం ప్రశ్నలకు నిలుస్తుంది; నిలిచిన కొద్దీ కొత్త అర్థాలు ఇస్తుంది. నిలువలేనిది మరుసటి పండుగకు పేరు కూడా జ్ఞాపకం లేకుండా పోతుంది.

తనకు సినిమా ఎందుకు నచ్చినదో నాలుగు వాక్యాలలో చెప్పలేని విద్యార్థి, తిక్కన పద్యం ఎందుకు గొప్పదో నాలుగు పుటలు వ్రాసినా అది గైడు పుస్తకం వ్రాసినట్లే. మొదటిది చేతనైనవానికి రెండవది నేర్పడం సులభం. రేపు అతడు చదివే వార్తను గురించి, వినే ఉపన్యాసాన్ని గురించి, వేసే ఓటును గురించి కూడా "నలుగురూ అన్నారు గనుక" అని కాక "నాకు ఇందుచేత ఇట్లా తోచినది" అని చెప్పగలిగే నేర్పు ఆ గంటలోనే మొలకెత్తుతుంది. సెలవులు ఏటేటా వస్తాయి, చిత్రాలు వాటివెంట వస్తాయి. చూచిన పిల్లలను అడిగే ఉపాధ్యాయులే కావలసి ఉన్నారు.